హత్యా నవలల్లో ఏది ముందు, ఏది తర్వాత

మంచి మర్డర్ మిస్టరీ ఒకటి చెప్పమని ఎవరైనా అడిగితే నేను ముందు ఒక ఎదురు ప్రశ్న వేస్తాను: ఈ రకంలో ఇప్పటిదాకా ఏమేం చదివారు, చదవకుండానే వేటి ముగింపు తెలిసిపోయింది? ఈ జవాబు లేకుండా సలహా చెప్పడం కుదరదు. సాంఘిక నవలలను ఏ వరుసలో చదివినా పెద్ద నష్టం లేదు. హత్యా రహస్యాలకు ఆ వెసులుబాటు తక్కువ. 1926లో అగాథా క్రిస్టీ లోకాన్ని ఉలిక్కిపడేలా చేసిన ఎత్తును మీరు నిరుడు వచ్చిన నవలలోనో, ఫోనులో చూసిన సీరియల్‌లోనో ముందే చూసి ఉంటే, అసలు పుస్తకం చేతికొచ్చేసరికి అదే అనుకరణలా కనిపిస్తుంది. అందుకే ఈ పోలికల్లో ఏది గొప్పదన్న లెక్క కన్నా ఏది ముందు చదవాలన్న లెక్కే ఎక్కువ. ముగింపులు ఎక్కడా బయటపెట్టను. ఇంకా ఏదీ చదవనివారు కూడా ధైర్యంగా ముందుకు సాగవచ్చు.

క్రిస్టీతో మొదలుపెట్టేవారికి

అగాథా క్రిస్టీ 66 డిటెక్టివ్ నవలలు రాశారు. దుకాణంలో వాటి అట్టలన్నీ అన్నదమ్ముల్లా ఉంటాయి, లోపలి సరుకు మాత్రం ఒకే తూకం కాదు. ముగింపు ఇంకా మీ చెవిన పడకపోతే 'ది మర్డర్ ఆఫ్ రోజర్ అక్రాయిడ్' మొదట చదవండి, వీలైతే ఈ వారమే. దాని రహస్యాన్ని ఎప్పుడు ఎవరు నోరు జారి చెప్పేస్తారో తెలియదు. ఇంగ్లండులో ఒక పల్లె, తన గదిలో కత్తిపోటుతో చనిపోయి ఉన్న ఊరి పెద్దమనిషి, వృత్తి మానేసి కూరగాయలు పండించుకుందామని ఆ ఊరు చేరిన బెల్జియం డిటెక్టివ్ హెర్క్యూల్ పువారో. ఈ మహానుభావుడు తను పండించిన కాయ మీదే విసుగుపుట్టి దాన్ని గోడ అవతలికి విసిరేస్తూ కథలోకి వస్తాడు. పుస్తకం వెలువడినప్పుడు ఇది పాఠకుడికి చేసిన అన్యాయమని కొందరు మండిపడ్డారు. తోటి రచయిత్రి డొరొతీ సేయర్స్ మాత్రం, అందరినీ అనుమానించడం పాఠకుడి బాధ్యతే కదా అని క్రిస్టీని వెనకేసుకొచ్చారు. నేనూ సేయర్స్ వైపే. మళ్లీ మొదటి పేజీ నుంచి తిరగేస్తే ఆధారాలన్నీ కళ్లెదుటే పరిచి ఉన్నాయి.

'మర్డర్ ఆన్ ది ఓరియంట్ ఎక్స్‌ప్రెస్' సంగతి వేరు. 1934 నాటి ఈ నవల 1974లో ఒకసారి, 2017లో మరోసారి పెద్ద తారాగణంతో సినిమా అయింది. సినిమా చూసినవారికి పుస్తకంలో మిగిలేది మంచులో ఆగిపోయిన రైలు, ఒకరి తర్వాత ఒకరుగా ప్రయాణికుల విచారణ. నిజం చెప్పాలంటే ఆ విచారణ కాస్త సాగతీతే. ముగింపు మీద ఆశతో దాన్ని దాటుతాం, ఆ ఆశ లేకపోతే అడుగు పడదు. అలాంటివారికి నేను చేతిలో పెట్టేది 'ఫైవ్ లిటిల్ పిగ్స్'. 1942లో వచ్చింది. కథకు పదహారేళ్ల ముందు ఒక చిత్రకారుడు విషం వల్ల చనిపోయాడు. భార్యే చంపిందని కోర్టు తేల్చింది, ఆమె జైల్లోనే కన్నుమూసింది. ఇప్పుడు పెళ్లీడుకు వచ్చిన కూతురు నిజమేమిటో కనుక్కోమని పువారో దగ్గరికి వస్తుంది. పరీక్షించడానికి శవం లేదు, వేలిముద్రలు లేవు. ఆ రోజు అక్కడున్న ఐదుగురి జ్ఞాపకాలే దిక్కు. ఒకే రోజును ఐదుగురూ ఐదు రకాలుగా చెబుతారు, ఎవరూ పూర్తిగా అబద్ధమాడినట్టు అనిపించదు. క్రిస్టీ పుస్తకాల్లో ఒక్కటే ఉంచుకోమంటే నేను ఉంచుకునేది ఇదే. హంతకుడి పేరు తెలిశాక కూడా బిగువు సడలని నవల ఈ రకంలో అరుదు.

'అండ్ దెన్ దేర్ వర్ నన్' 1939 నాటిది. సముద్రంలో ఒక దీవి మీద పదిమంది అపరిచితులు, ఒక్కొక్కరుగా చావులు, మొత్తం కథలో డిటెక్టివ్ లేడు. పది కోట్ల ప్రతులకు పైగా అమ్ముడుపోయిందని అంచనా. 1965 నాటి హిందీ సినిమా 'గుమ్‌నామ్' ఈ అల్లికనే తీసుకుంది. అక్రాయిడ్‌తో పోలిస్తే ఇందులో బుర్రకు పని తక్కువ, గుండెకు పని ఎక్కువ. సాయంత్రం కూర్చుంటే అర్ధరాత్రికి అయిపోతుంది. అనుమానితుల జాబితా రాసుకుంటూ చదివే అలవాటున్నవారికి అక్రాయిడ్, తలుపు గడియ రెండుసార్లు చూసుకుని పడుకునేంత భయం కావాలనేవారికి ఈ దీవి. పల్లెటూరి పెద్దావిడ మిస్ మార్పుల్‌ను కలవాలనుకుంటే 1950 నాటి 'ఎ మర్డర్ ఈజ్ అనౌన్స్‌డ్' పట్టుకోండి. ఫలానా ఇంట్లో సాయంత్రం ఆరున్నరకు హత్య జరుగుతుందని స్థానిక పత్రికలో ప్రకటన వస్తుంది, ఊళ్లోవాళ్లంతా అదేదో ఆట అనుకుని ముస్తాబై వెళతారు.

వైద్యమో ఫార్మసీయో చదువుకున్నవారికి ఒక మినహాయింపు ఇస్తాను. మీరు క్రిస్టీ మొదటి నవల 'ది మిస్టీరియస్ అఫైర్ ఎట్ స్టైల్స్' తోనే మొదలుపెట్టవచ్చు. మొదటి ప్రపంచ యుద్ధ కాలంలో ఆమె ఆస్పత్రి మందుల గదిలో పనిచేశారు, విషాల సంగతి అక్కడే వంటబట్టింది. ఈ నవలలో స్ట్రిక్‌నైన్ అనే విషాన్ని సరిగ్గా వాడారని ఒక ఫార్మసీ పత్రిక సమీక్షలో మెచ్చుకుంది కూడా. మామూలు పాఠకుడికి మొదటి నవల తడబాట్లు కనిపిస్తాయి, ఆధారాలు అవసరానికి మించి కుప్పపోసినట్టు ఉంటాయి.

తప్పించుకోవాల్సినవి కూడా చెప్పాలి. ఆమె చివరగా రాసినది 1973 నాటి 'పోస్టర్న్ ఆఫ్ ఫేట్'. అభిమానులు కూడా దాన్ని మధ్యలో వదిలేస్తే తప్పుపట్టను. 1975లో వెలువడిన 'కర్టెన్' రెండో ప్రపంచ యుద్ధ కాలంలోనే రాసి దాచిపెట్టింది. అది పువారో ఆఖరి కేసు. వచ్చిన ఏడాదే న్యూయార్క్ టైమ్స్ మొదటి పేజీలో పువారో మరణవార్త వేసింది, ఒక కల్పిత పాత్రకు అంత మర్యాద! పువారో నవలలు కనీసం పది చదివిన తర్వాతే దీని జోలికి వెళ్లండి. ముందే చదివితే ఒక ముసలాయన కథలా తేలిపోతుంది.

ఓపిక ఉన్నవారికి రెండు

బ్రిటన్ క్రైమ్ రైటర్స్ అసోసియేషన్ 1990లో వంద ఉత్తమ నవలల జాబితా వేసినప్పుడు మొదటి స్థానం జోసెఫిన్ టే రాసిన 'ది డాటర్ ఆఫ్ టైమ్' కి దక్కింది. 2013లో అదే సంఘం రచయితలు ఓటు వేసి అక్రాయిడ్‌ను అత్యుత్తమమన్నారు. ఒకే సంఘం, రెండు తీర్పులు, రెండు పుస్తకాలకూ పొంతనే లేదు. టే నవలలో కాలు విరిగి ఆస్పత్రి మంచానికి అతుక్కుపోయిన ఇన్‌స్పెక్టర్ అలన్ గ్రాంట్, అయిదు వందల ఏళ్ల కిందటి రాజు మూడో రిచర్డ్ చిత్రపటం చూసి, ఈ ముఖం ఇద్దరు పసివాళ్లను చంపించినవాడిదేనా అని సందేహపడతాడు. ఆ తర్వాత దర్యాప్తు మొత్తం పుస్తకాలు, పాత దస్తావేజుల మీదే. మంచం దిగకుండా నడిపిన కేసు ఇది. 1951లో ఈ పుస్తకం రాసిన టేకు తెలిసే అవకాశం లేదు గానీ, 2012లో అదే రిచర్డ్ అస్థిపంజరం లెస్టర్ నగరంలో ఒక కార్ల పార్కింగ్ కింద దొరికింది.

గొప్ప పుస్తకమే. అయినా మొదటి పుస్తకంగా వద్దు. ఇంగ్లండు రాజవంశాల పేర్లు, ఎడ్వర్డ్‌లు, రిచర్డ్‌లు, హెన్రీలు కలగాపులగమై మొదటి అరవై పేజీల్లోనే అలిసిపోతారు. చరిత్ర పాఠాలు నిలదీసి చదివే స్వభావం ఉన్నవారు మాత్రం వెంటనే చదవచ్చు. పాఠ్యపుస్తకంలో ఉన్నదల్లా ఎవరు రాశారు, ఎప్పుడు రాశారు, వాళ్లకేం లాభం అని అడగడం ఈ నవల నేర్పినట్టు మరొకటి నేర్పదు.

డొరొతీ సేయర్స్ విషయంలో చాలామంది ఉత్తరం దిక్కున వెళ్లాల్సినవారు దక్షిణం బస్సు ఎక్కుతారు. విమర్శకులు పొగిడారని 'ది నైన్ టైలర్స్' తీసుకుంటారు. అందులో చర్చి గంటలు మోగించే విద్య గురించి పేజీలకు పేజీలు ఉంటాయి, ఆ గంటల గణితం మనకు కొరుకుడు పడదు. దాని బదులు 1933 నాటి 'మర్డర్ మస్ట్ అడ్వర్టైజ్' తీసుకోండి. లండన్ ప్రకటనల కంపెనీలో ఉద్యోగి ఇనుప మెట్ల మీంచి పడి చనిపోతాడు, అతని స్థానంలో కొత్త ఉద్యోగిగా డిటెక్టివ్ లార్డ్ పీటర్ చేరతాడు. సేయర్స్ స్వయంగా అలాంటి కంపెనీలో ఏళ్లపాటు పనిచేశారు. టీ వేళ కబుర్లు, పై అధికారి అడ్డగోలు దిద్దుబాట్లు, ఆఖరి నిమిషంలో మార్చిన ప్రకటన, ఆఫీసులో పనిచేసే ఎవరికైనా ఇవి పరిచయమే. లార్డ్ పీటర్, హారియట్ వేన్ ప్రేమకథ కోసం చదివేవారు 1930 నాటి 'స్ట్రాంగ్ పాయిజన్' తో ఆరంభించి 1935 నాటి 'గాడీ నైట్' కి రావాలి. రెండోదానిలో అసలు హత్యే లేదు. ఆక్స్‌ఫర్డ్ ఆడపిల్లల కళాశాలలో ఆకాశరామన్న ఉత్తరాల గొడవ అంతే, అయినా హత్య లేదన్న లోటు నాకు ఎక్కడా తెలియలేదు.

గడియ వేసిన గదులు, జపాన్ దారి

లోపల గడియ, కిటికీలకు చువ్వలు, గదిలో శవం, హంతకుడు లేడు. ఈ రకానికి పెద్దదిక్కు జాన్ డిక్సన్ కార్. 1935లో వచ్చిన 'ది హాలో మ్యాన్' పదిహేడో అధ్యాయంలో డిటెక్టివ్ డాక్టర్ ఫెల్ కథను ఆపి, మూసిన గదిలో హత్య ఎన్ని రకాలుగా చేయవచ్చో ఉపన్యాసం ఇస్తాడు. మనం డిటెక్టివ్ నవలలో పాత్రలమే కదా, కాదని నటించడం ఎందుకు అని కూడా అనేస్తాడు! ఆ అధ్యాయం ఒక్కటీ బంగారం. మిగతా నవల? మొదటి హత్య అద్భుతం, మంచు కురిసిన వీధిలో అడుగుజాడలు లేకుండా జరిగిన రెండో హత్య ఇంకా అద్భుతం, పరిష్కారం మాత్రం గడియారం విప్పదీసినట్టు ఉంటుంది. ఎలా జరిగిందో తెలిశాక ఎవరు చేశారన్నదాని మీద ఆసక్తి నాకైతే మిగల్లేదు.

అదే చిక్కును జపాన్ రచయితలు ఇంకో మెట్టు ఎక్కించారని నా అభిప్రాయం. సెయిషి యొకొమిజో 1946లో రాసిన 'ది హొంజిన్ మర్డర్స్' ఇంగ్లీషులో 2019లో గానీ రాలేదు. పాతకాలపు భూస్వామి ఇంట పెళ్లి, తొలిరాత్రే వధూవరుల హత్య, చీకట్లో కొటో వాయిద్యం మోత, బయట మంచులో గుచ్చి ఉన్న కత్తి, చుట్టూ అడుగుజాడలు లేవు. కార్ దగ్గర లేనిది ఇక్కడొకటి ఉంది. ఆ ఇంటి పరువు, వంశం, పెళ్లికూతురి పుట్టింటి స్థాయి గురించిన గుసగుసలే హత్యకు నేల. మన ఊళ్లలో పెద్ద లోగిళ్ల కథలు విన్నవారికి ఈ వాతావరణం లండన్ కంటే దగ్గరగా తోస్తుంది. పొట్టి పుస్తకం కూడా. అందుకే ఈ రెండింటిలో ముందు యొకొమిజో, తర్వాత కార్.

యుకితో అయత్సుజి 1987లో రాసిన 'ది డెకగాన్ హౌస్ మర్డర్స్' కి మాత్రం షరతు ఉంది. క్రిస్టీ దీవి నవల చదవకుండా దీన్ని ముట్టుకోకండి. విశ్వవిద్యాలయ మిస్టరీ క్లబ్బు కుర్రాళ్లు ఎల్లరీ, కార్, అగాథా, పో వంటి మిస్టరీ రచయితల పేర్లను మారుపేర్లుగా పెట్టుకుని నిర్మానుష్యమైన దీవికి వెళతారు. ఆ తర్వాత ఏమవుతుందో ఊహించుకోవచ్చు, ఊహించుకున్నది తప్పవుతుంది. పాత్రలు మనుషుల కంటే చదరంగం పావుల్లా ఉంటారన్నది నిజమే. అయినా ఒకే ఒక్క వాక్యంతో మొత్తం కథ తలకిందులవుతుంది, ఆ వాక్యం కోసం మిగతాదంతా క్షమించాను.

హిగాషినో: రెండింటిలో ఏది?

కెయిగో హిగాషినో అందరికీ తెలిసిన పేరు అయిపోయింది. 2005 నాటి 'ది డివోషన్ ఆఫ్ సస్పెక్ట్ ఎక్స్' కి జపాన్‌లో నవొకీ బహుమతి వచ్చింది. 2023 నాటి హిందీ సినిమా 'జానే జాన్' దాని ఆధారంగానే తీశారు. వేధిస్తున్న మాజీ భర్తను ఒక తల్లి చంపేయడం మొదట్లోనే చూస్తాం. పక్కింట్లో ఉండే లెక్కల మాస్టారు ఇషిగామి ఆ తల్లీకూతుళ్లను కాపాడటానికి అలిబి, అంటే ఆ సమయంలో వాళ్లు వేరేచోట ఉన్నారన్న సాక్ష్యం, అల్లుతాడు. అతని కళాశాల నాటి స్నేహితుడు, భౌతికశాస్త్రవేత్త యుకావా దాన్ని విప్పడానికి వస్తాడు. వెంకటేశ్ 'దృశ్యం' చూసినవారికి కుటుంబాన్ని కాపాడుకునే ఆ ఉత్కంఠ పరిచయమే, కానీ ఇక్కడ కాపాడేవాడు ఆ కుటుంబానికి ఏమీ కాడు. నవల బరువంతా అక్కడే ఉంది.

దీనికి పోటీ అదే రచయిత 1996లో రాసిన 'మ్యాలిస్'. ఒక ప్రముఖ రచయిత హత్య, హంతకుడు పుస్తకం సగం కాకముందే దొరికిపోతాడు, నేరం ఒప్పుకుంటాడు. మిగిలినదంతా ఎందుకు చేశాడన్న ప్రశ్న. ఒక కారణం దొరుకుతుంది, అది కూలిపోతుంది, దాని కింద ఇంకొకటి. కన్నీళ్లు కావాలంటే ఇషిగామి. మనుషుల అసూయ ఎంత లోతుకు దిగుతుందో చూడాలంటే 'మ్యాలిస్'. పేరు ఎక్కువున్నది మొదటిదానికే అయినా కట్టుదిట్టంగా అల్లినది రెండోదేనని నేను వాదిస్తాను. వరుస మాత్రం ఇషిగామి ముందు ఉండటమే మేలు. 'మ్యాలిస్' చదివాక హిగాషినో చెప్పే ఏ మాటనూ నమ్మబుద్ధి కాదు, ఆ అనుమానంతో ఇషిగామి కథ చదివితే దాని మెత్తదనం పోతుంది.

ఈ పదేళ్లలో వచ్చినవి

కొత్త ఇంగ్లీషు మిస్టరీలు రెండు జాతులు. పాత నవలలతో సంభాషిస్తూ, వాటి నియమాలతో ఆటాడుకునేవి కొన్ని, నియమాల గొడవ లేకుండా మనుషుల మీద ఆధారపడేవి కొన్ని. మొదటి జాతిని చదవాలంటే క్రిస్టీవి నాలుగైదు అయినా అయిపోయి ఉండాలి. ఆంథొనీ హొరొవిట్జ్ 2016లో రాసిన 'మ్యాగ్‌పై మర్డర్స్' వీటిలో మేటి. ప్రచురణ సంస్థ ఎడిటర్ సుజన్ రైలాండ్ ఒక డిటెక్టివ్ నవల రాతప్రతి చదువుతుంది, మనమూ చదువుతాం. సరిగ్గా రహస్యం విప్పాల్సిన చోట ఆఖరి అధ్యాయాలు లేవు, రచయిత చనిపోయాడు. ఒకే ధరకు రెండు మిస్టరీలు. లోపలి నవల 1955 నాటి ఇంగ్లీషు పల్లెలో నడుస్తుంది, అది క్రిస్టీ శైలికి ఎంత చక్కటి అనుకరణో తెలియాలంటే క్రిస్టీ రుచి ముందే తెలిసి ఉండాలి. 

ఆస్ట్రేలియా రచయిత బెంజమిన్ స్టీవెన్సన్ 2022లో తెచ్చిన 'ఎవ్రీవన్ ఇన్ మై ఫ్యామిలీ హ్యాజ్ కిల్డ్ సమ్‌వన్' ఇంకా అల్లరి పుస్తకం. 1929లో రొనాల్డ్ నాక్స్ డిటెక్టివ్ కథలకు పెట్టిన పది నియమాలను మొదట్లోనే మన ముందుంచి, చావులు ఏ పేజీల్లో వస్తాయో కూడా కథకుడే ముందుగా చెప్పేస్తాడు. అన్నీ చెప్పినా దొరకడు. కాకపోతే వంద పేజీల తర్వాత ఆ చమత్కారమే కాస్త మోతాదు మించుతుంది. హొరొవిట్జ్, స్టీవెన్సన్ మధ్య ఎంచుకోమంటే రెండో ఆలోచన లేకుండా హొరొవిట్జ్.

స్టూవర్ట్ టర్టన్ 'ది సెవెన్ డెత్స్ ఆఫ్ ఎవెలిన్ హార్డ్‌కాసిల్' 2018లో వచ్చినప్పుడు పెద్ద సంచలనం. కథానాయకుడు ఒకే రోజును మళ్లీ మళ్లీ, ప్రతిసారీ వేరొక అతిథి శరీరంలో గడుపుతూ హంతకుడిని పట్టుకోవాలి. కాగితం, పెన్సిలు పక్కన పెట్టుకోనిదే చదవలేం. పొడుపుకథలు, సుడోకులు అంటే పడిచచ్చేవారికి పండగ. నాకు ఆ భవనం గుర్తుంది, ఒక్క మనిషీ గుర్తులేడు.

రెండో జాతికి నాయకుడు రిచర్డ్ ఆస్మన్. 2020 నాటి 'ది థర్స్‌డే మర్డర్ క్లబ్' లో వృద్ధుల కాలనీకి చెందిన నలుగురు గురువారం గురువారం కూర్చుని పాత హత్య కేసులు తిరగేస్తుంటారు, ఇంతలో నిజం హత్యే గుమ్మంలోకి వస్తుంది. ఎలిజబెత్ ఎత్తులు, జాయిస్ డైరీ, రాన్ నోటి దురుసు, ఇబ్రహీం చాదస్తం, వీళ్లతో గడపడమే సుఖం. మిస్టరీగా చూస్తే ముగింపు గందరగోళం, ఆధారాలు పాఠకుడికి అందేలా పరచలేదు. అయినా ముందు చదివినదేమీ లేకపోయినా హాయిగా చదివించేది ఇదే. మల్లాది వెంకట కృష్ణమూర్తి 'చంటబ్బాయి' చదివి, లేదా 1986లో జంధ్యాల దాన్ని చిరంజీవితో తీసిన సినిమా చూసి నవ్వుకున్నవారు ఆస్మన్‌ను నిస్సంకోచంగా తెచ్చుకోవచ్చు. ఈ వరుస పుస్తకాలను మాత్రం వెలువడిన క్రమంలోనే చదవాలి, పాత్రల జీవితాల్లో జరిగేవి ఒకదాంట్లోంచి ఇంకొకదాంట్లోకి వస్తాయి.

మన దేశపు నేల మీద

బొంబాయి, కలకత్తా, బెంగళూరు నేపథ్యంగా ఇంగ్లీషులో వచ్చిన మూడు నవలలను పక్కపక్కన పెట్టి చూడండి. సుజాతా మాసీ 2018లో రాసిన నవల అమెరికాలో 'ది విడోస్ ఆఫ్ మలబార్ హిల్' పేరుతోను, మన దగ్గర 'ఎ మర్డర్ ఆన్ మలబార్ హిల్' పేరుతోను దొరుకుతుంది. రెండూ ఒకటే, పొరపాటున రెండుసార్లు కొనకండి. కాలం 1921. పార్శీ న్యాయవాది పెర్వీన్ మిస్త్రీ పరదా చాటున ఉండే ముగ్గురు ముస్లిం వితంతువుల ఆస్తి వ్యవహారం చూడాలి. మగవాళ్లు అడుగుపెట్టలేని చోటికి ఆమె వెళ్లగలదు, కథ కీలకం అదే. ఆక్స్‌ఫర్డ్‌లో న్యాయశాస్త్రం చదివిన తొలి మహిళ కొర్నేలియా సొరాబ్జీ జీవితం ఈ పాత్రకు ప్రేరణ. హరిణి నాగేంద్ర 2022లో తెచ్చిన 'ది బెంగళూర్ డిటెక్టివ్స్ క్లబ్' దీ 1921 కాలమే. డాక్టరు భార్య కావేరి చీర కట్టుకుని ఈత నేర్చుకుంటూ, లెక్కలు చేసుకుంటూ, మధ్యలో హంతకుడిని వెతుకుతుంది. అబీర్ ముఖర్జీ 'ఎ రైజింగ్ మ్యాన్' 2016లో వచ్చింది. రౌలట్ చట్టం, జలియన్‌వాలా బాగ్ నాటి 1919 కలకత్తాలో ఒక ఆంగ్లేయ అధికారి హత్యకు గురవుతాడు, నోట్లో కుక్కిన చీటీ. దర్యాప్తు చేసేది నల్లమందుకు బానిసైన ఇంగ్లీషు పోలీసు సామ్ విండమ్, అతని కింద పనిచేసే బెంగాలీ సార్జెంట్ బెనర్జీ.

మూడింటిలో బలమైనది ముఖర్జీదే. తన దేశస్థులనే అరెస్టు చేయాల్సిన బెనర్జీ ఇరకాటం హత్య కంటే ఎక్కువ ఉత్కంఠ పుట్టిస్తుంది. మాసీ నవలలో పెర్వీన్ గతం తాలూకు అధ్యాయాలు హత్యను పక్కకు నెట్టేస్తాయి, అయితే ఆ గతమే నాకు నచ్చిన భాగం. నాగేంద్ర పుస్తకం తేలిక, రక్తం తక్కువ, ఫిల్టరు కాఫీ ఎక్కువ. హైస్కూలు పిల్లలకు ఇవ్వదగ్గది ఈ మూడింటిలో అదొక్కటే.

శరదిందు బంద్యోపాధ్యాయ బ్యోమ్‌కేశ్ బక్షీని 1993లో దూరదర్శన్‌లో చూసినవారు ఇంకా మర్చిపోయి ఉండరు. ఆ బెంగాలీ కథలకు ఇంగ్లీషు అనువాదాలు ఉన్నాయి. పొట్టివి, ఇంట్లో మనుషుల మధ్య నడిచేవి. డిటెక్టివ్ అన్న మాట నచ్చక తనను తాను సత్యాన్వేషి అనుకునే బ్యోమ్‌కేశ్, పెళ్లి చేసుకుని పప్పుబియ్యం లెక్కలు చూసుకుంటూ కేసులు తేల్చే మనిషి. షెర్లాక్ హోమ్స్ చదివి విసిగినవారికి మంచి మార్పు.

తెలుగులో డిటెక్టివ్ అనగానే కొమ్మూరి సాంబశివరావు సృష్టించిన యుగంధర్, అతని అసిస్టెంట్ రాజు గుర్తొస్తారు. అద్దె పుస్తకాల షాపులు నడిచిన రోజుల్లో ఆ నవలలు చేతులు మారని ఊరు లేదు. క్రిస్టీ కొలబద్దతో వాటిని కొలవకండి. వాటి సుఖం పరుగులో ఉంది, వెంటాడటంలో ఉంది, అధ్యాయం చివర ఆగలేకపోవడంలో ఉంది. ఆధారాలు ముందే పరిచి పాఠకుడితో పందెం కాసే పద్ధతికి మన పాకెట్ నవల పెద్దగా అలవాటు పడలేదు. ఆ పని చేయగల తెలుగు రచయిత కోసం నేను ఇంకా ఎదురుచూస్తున్నాను.

భాష, ధర, ముందుమాటలు

ఇంగ్లీషు నవల ఇదే మొదటిసారి అయితే క్రిస్టీయే సులువు. చిన్న వాక్యాలు, సంభాషణలు ఎక్కువ. హిగాషినో అనువాదాలు కూడా అంతే. సేయర్స్ ఫ్రెంచి, లాటిన్ ముక్కలు చల్లుతారు. రేమండ్ చాండ్లర్ అమెరికా వీధి భాష మొదట్లో అర్థం కాదు, పైగా 'ది బిగ్ స్లీప్' లో కారు డ్రైవరును ఎవరు చంపారో చాండ్లర్‌కే తెలియదని పేరుపడ్డ కథ ఉంది. చాండ్లర్‌ను మాటల పదును కోసం చదవాలి, ముడి కోసం వద్దు. ప్రయాణంలో చదవడానికి జార్జ్ సిమెనాన్ రాసిన పోలీసు డిటెక్టివ్ మెగ్రే నవలలు అమరుతాయి. మొత్తం 75 ఉన్నాయి, ఒక్కోటి సన్నగా ఉంటుంది, ఏ వరుసలో చదివినా పేచీ లేదు.

మన చట్టం ప్రకారం రచయిత మరణించిన 60 ఏళ్ల తర్వాత హక్కులు ముగుస్తాయి. కాబట్టి కానన్ డాయిల్, టే, సేయర్స్ రచనలు ఇక్కడ స్వేచ్ఛగా చదువుకోవచ్చు. క్రిస్టీ 1976లో మరణించారు కనుక ఆమె పుస్తకాలకు 2037 దాకా ఆగాలి, లేదా కొనాలి. పాత నవలల కొత్త ముద్రణల్లో ముందుమాట రాసిన పెద్దలు ముగింపును ధారాళంగా చర్చించేస్తారు. ముందుమాటను చివర్లో చదవండి. వెనక అట్ట మీద రాసింది కూడా సగమే నమ్మండి, సగమే చదవండి.

ఎవరికైనా కానుకగా ఇవ్వాలనుకుంటే ఎంపిక ఇంకో రకంగా ఉంటుంది, ఎందుకంటే వాళ్లకు ఏ ముగింపు తెలుసో మీకు తెలియదు. ఉద్యోగ విరమణ చేసిన నాన్నగారికి ఆస్మన్, లాయరు స్నేహితురాలికి మాసీ, చరిత్ర మాస్టారికి టే. ఏమీ తెలియని పక్షంలో 'ఫైవ్ లిటిల్ పిగ్స్' ఇచ్చేయండి. సినిమాగా అంతగా ప్రచారం పొందలేదు, ముగింపు బయట పొక్కిన దాఖలాలు తక్కువ.